ఇద్దరే మనుషులు, 28 అడుగుల తెరచాప పడవ: చెసాపీక్ బేలో నెమ్మదిగా తిరగడానికి సమగ్ర మార్గదర్శి

సెయిలింగ్ మొదటి పాఠాలు అయిపోయినవాళ్ల కోసం ఇది. తెరచాప ఎత్తడం, దించడం, ఎదురుగాలిలో ట్యాక్ చేస్తూ (పడవ ముక్కును గాలికి అటూ ఇటూ తిప్పుతూ) పోవడం, రేవులోంచి పడవ బయటికి తీయడం మీకు వచ్చు. ఇప్పుడు ఆలుమగలిద్దరే వారం పది రోజులు పడవలోనే ఉండి తిరుగుదామని ఉంది. ఎలా మొదలుపెట్టాలి?

మెరిలాండ్, వర్జీనియాల్లో ఉండే తెలుగువాళ్లకు దగ్గరి నీళ్లు కాబట్టి చెసాపీక్ బే అనే అఖాతాన్నే ఉదాహరణగా తీసుకున్నాం. లెక్కలన్నీ 26 నుంచి 30 అడుగుల పడవకు. దూరాలు నాటికల్ మైళ్లలో ఉన్నాయి. ఒక నాటికల్ మైలు 1.85 కిలోమీటర్లు, గంటకు ఒక నాటికల్ మైలు వేగం ఒక నాట్.

ముందే ఒక మాట. ఇద్దరు నడిపే పడవ అసలుకి ఒక్కరు నడిపే పడవే. రెండోవాళ్లు కింద వంట చేస్తుంటారు, నిద్రపోతుంటారు, లేదా కడుపులో తిప్పి పడుకుంటారు. అందుకే కింది పనులన్నీ ఒక్కరే చేయగలిగే వరసలో రాశాం. ఒకరికి మాత్రమే వచ్చిన పని పడవలో ఒక్కటి ఉన్నా ప్రయాణం వాయిదా వేసి అది నేర్చుకోండి.

## 1. పడవ, కాగితాలు

నీళ్లలో మునిగే భాగం నాలుగు, నాలుగున్నర అడుగులు దాటకపోతే మంచిది. నదులూ పాయలూ కలుపుకొని ఈ బే సగటు లోతు 21 అడుగులే. లంగరు వేయడానికి బాగుండే పాయల్లో చాలావాటిలో ఆరు నుంచి పది అడుగుల నీళ్లే ఉంటాయి.

ముందు తెరచాప, అంటే జిబ్, చుట్టుకునే రకం కావాలి. తర్వాత డబ్బు పెట్టాల్సింది ఫ్రిజ్ మీద కాదు, ఆటోపైలట్ మీద. చుక్కాని పట్టుకునే మూడో మనిషి అదే.

- సర్టిఫికెట్: 1972 జూలై 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు మెరిలాండ్‌లో పడవ నడపడానికి బోటింగ్ సేఫ్టీ సర్టిఫికెట్ ఉండాలి. ఇద్దరూ తీసుకోండి.
- రిజిస్ట్రేషన్: కోస్ట్ గార్డ్ డాక్యుమెంటేషన్ అమెరికా పౌరులకే. వీసా మీదో గ్రీన్ కార్డు మీదో ఉన్నవాళ్లు రాష్ట్ర రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి.
- ఇన్సూరెన్స్: లాక్కెళ్లే సర్వీసు విడిగా తీసుకోండి. బురదలో దిగబడిన రోజు దాని విలువ తెలుస్తుంది.
- తప్పనిసరి సామాను: మనిషికో లైఫ్ జాకెట్, విసిరే తేలుడు దిండు ఒకటి, అగ్నిమాపకాలు (26 అడుగులు, ఆపైన అయితే రెండు), గడువు దాటని ఫ్లేర్లు (ఆపదలో వెలిగించే సంకేతాలు), హారన్.

## 2. ఎప్పుడు, ఎంత దూరం

మే, జూన్, సెప్టెంబర్, అక్టోబర్ మంచి నెలలు. జూలై, ఆగస్టుల్లో గాలి ఉండదు, ఉక్క, మధ్యాహ్నం ఉరుములు, నీళ్లలో కుట్టే జెల్లీఫిష్.

ఈ సైజు పడవ బాగా పోతే ఆరు నాట్లు పోతుంది. మీరు మాత్రం నాలుగే లెక్క వేసుకోండి. రోజుకు 15 నుంచి 20 మైళ్లు చాలు. పొద్దున ఏడు, ఎనిమిదికి బయలుదేరి మధ్యాహ్నం రెండు, మూడుకల్లా లంగరు పడిపోవాలి. ఉరుముల మబ్బులు లేచేది ఆ తర్వాతే.

అనాపొలిస్ నుంచి తొమ్మిది రోజుల ప్రయాణం ఇలా వేసుకోవచ్చు. దూరాలు సుమారుగా:

1. అనాపొలిస్ నుంచి రోడ్ రివర్: 10 మైళ్లు. కావాలనే చిన్న రోజు. మర్చిపోయిన సామాను ఏమిటో ఈ రాత్రే తెలుస్తుంది, వెనక్కి పోవడం తేలిక.
2. బే అడ్డంగా దాటి, ఈస్టర్న్ బే మీదుగా వై రివర్ ముఖద్వారం దగ్గర ఉండే షా బే: 18.
3. అక్కడే విశ్రాంతి.
4. సెయింట్ మైకేల్స్: 6. నీళ్లు, ఐసు, కూరగాయలు.
5. పాప్లర్ ఐలాండ్ పక్కగా, నాప్స్ నారోస్ వంతెన దాటి డన్ కోవ్: 22 నుంచి 25. ఇదొక్కటే పెద్ద రోజు.
6. చాప్టాంక్ నది మీదుగా ఆక్స్‌ఫర్డ్: 10.
7. విశ్రాంతి.
8. నాప్స్ నారోస్ దగ్గర మెరీనాకు: 10.
9. తిరిగి అనాపొలిస్: 20.

నాప్స్ నారోస్ కాలవలో ఇసుక మేట వేస్తూ ఉంటుంది, కాబట్టి చార్టులో అంకెను నమ్మకుండా ముందురోజే అక్కడి మెరీనాకు ఫోన్ చేసి లోతు అడగండి. వంతెన తెరవమని అడగడానికి వీహెచ్‌ఎఫ్ రేడియోలో 13వ ఛానల్, లేదా హారన్‌తో ఒక పొడుగు కూత, ఒక పొట్టి కూత.

తొమ్మిది రోజుల ప్రయాణానికి పదకొండు రోజుల సెలవు పెట్టండి. సోమవారం పొద్దున మీటింగు ఉన్నవాళ్లే ఆదివారం చెడ్డ గాలిలో బయలుదేరుతారు.

## 3. గాలీ వానా

మూడుసార్లు చూడాలి: ముందురోజు రాత్రి, పొద్దున ఆరుకి, మధ్యాహ్నం. ఫోన్ యాప్‌లో రంగుల బొమ్మ ఒక్కటే చాలదు. అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా ఇచ్చే సముద్ర వాతావరణ సూచన చదవండి, లేదా వీహెచ్‌ఎఫ్ వాతావరణ ఛానల్‌లో వినండి.

ఈ బేలో 18 నాట్ల నుంచి చిన్న పడవల హెచ్చరిక పెడతారు. కొత్త జంట ఆ రోజు కదలకపోవడమే మంచిది. స్పెషల్ మెరైన్ వార్నింగ్ వచ్చిందంటే ఇక ఆలోచించే టైము అయిపోయినట్టే, తుపాను గాలి దాదాపు మీద పడ్డట్టు.

గాలి ఎంత ఉందో చూసి ఊరుకోకండి, నీళ్లు ఎటు పోతున్నాయో కూడా చూడండి. పాటు సమయంలో, అంటే మట్టం తగ్గేటప్పుడు, నీళ్లు దక్షిణానికి లాగుతాయి. ఎదురుగా 15 నాట్ల దక్షిణ గాలి వీస్తే, లోతు తక్కువ కాబట్టి అలలు పొట్టిగా, నిలువుగా, ఒకదాని వెనక ఒకటి లేస్తాయి. పడవ ముక్కు దబ్ దబ్‌మని పడుతుంది, వేగం రెండు నాట్లకు దిగిపోతుంది. అదే గాలి, అదే దారి, మూడు నాలుగు గంటలాగి పోటులో బయలుదేరితే సగం బాధ ఉండదు.

గట్టి వాయవ్య గాలి ఒకటి రెండు రోజులు వీస్తే నీళ్లు బయటికి పోయి, చార్టులో ఉన్నదానికంటే అడుగో రెండడుగులో లోతు తగ్గుతుంది. ఆ రోజుల్లో లోతు అంతంతమాత్రంగా ఉన్న పాయల్లోకి పోవద్దు.

పడమట నల్ల మబ్బు కనిపిస్తే, ఇదే వరసలో:

- ఇద్దరూ లైఫ్ జాకెట్, కట్టు తాడు (మనిషిని పడవకు కట్టి ఉంచేది)
- ఇంజిన్ స్టార్ట్ చేయాలి
- తెరచాపలు రెండూ పూర్తిగా దించి, కట్టేయాలి. సగం చుట్టిన జిబ్ విప్పుకుంటే చిరుగుతుంది
- ఎక్కడున్నారో అక్షాంశ రేఖాంశాలు కాగితం మీద రాయాలి
- ఒడ్డుకు దూరంగా, అడ్డం లేని నీళ్లలోకి పోవాలి. టైముంటే 10 అడుగుల లోతులో పొడుగ్గా తాడొదిలి లంగరు
- కిటికీలు మూసి, చుక్కాని దగ్గర పనిలేనివాళ్లు లోపలికి. ఇనుప తీగలు, స్తంభం ముట్టుకోవద్దు

## 4. బయలుదేరే ముందు పది నిమిషాలు

- ఇంజిన్ ఆయిల్, కూలెంట్, బెల్టు
- ఇంజిన్‌కి సముద్రపు నీళ్లు వచ్చే జల్లెడ. జెల్లీఫిష్ కాలంలో ఇది రోజూ విప్పి చూడాలి
- పాత పెట్రోలు ఇంజిన్ అయితే నాలుగు నిమిషాలు బ్లోయర్ (పెట్రోలు ఆవిరిని బయటికి పంపే ఫ్యాను) వేశాకే తాళం తిప్పాలి
- స్టార్ట్ అయ్యాక వెనక పైపులోంచి నీళ్లు చిమ్ముతున్నాయా? లేకపోతే వెంటనే ఆపేయాలి
- పడవ అడుగున చేరిన నీళ్లు ఎంత?
- లోపల గిన్నెలు, లాప్‌టాప్, కళ్లజోడు, అన్నీ సర్దారా? 20 డిగ్రీలు వాలితే ఏది దొర్లుతుందో అది తప్పకుండా దొర్లుతుంది
- నీళ్లలో వేలాడే తాడు ఏదీ లేదు కదా?

చివరిది చిన్న విషయంలా ఉంటుంది గానీ, ప్రొపెల్లర్‌కు చుట్టుకునే తాడు ఎక్కువసార్లు మన సొంత తాడే.

## 5. తెరచాప తగ్గించడం

28 అడుగుల పడవకు 15 నాట్లలో మొదటి రీఫ్ (తెరచాపను కొంత మడిచి తగ్గించడం), 20లో రెండోది. గాలిమాపకం లేకపోయినా పడవే చెబుతుంది: చుక్కాని బరువెక్కుతుంది, పడవ 20 డిగ్రీలు దాటి వాలుతుంది, తిప్పినా మాట వినకుండా గాలివైపే ముక్కు తిరుగుతుంది. అనుమానం వచ్చిన నిమిషంలోనే తగ్గించండి. అరగంట తర్వాత అదే పని రెండింతలు కష్టం.

బూమ్ (పెద్ద తెరచాప అడుగున ఉండే అడ్డ దూలం) మొదట్లో కొక్కెం ఉండే మామూలు ఏర్పాటుకు వరస ఇది:

1. కట్టు తాడు తగిలించుకోండి. జిబ్ కాస్త చుట్టేయండి.
2. ఆటోపైలట్ వేసి, గాలికి 50, 60 డిగ్రీల కోణంలో నెమ్మదిగా పోనివ్వండి.
3. బూమ్‌ను పైనుంచి పట్టే తాడు బిగించండి, కిందికి లాగే వ్యాంగ్ వదలండి.
4. మెయిన్‌షీటు (పెద్ద తెరచాపను లాగి పట్టే తాడు) వదలండి. తెరచాప టపటపా కొట్టుకోవాలి.
5. హాల్యార్డ్‌ను (తెరచాపను పైకెత్తే తాడు) గుర్తు దాకా దించండి. ఈ గుర్తు రేవులోనే రంగు దారంతో కుట్టి పెట్టుకోవాలి.
6. ముందు రింగు కొక్కేనికి తగిలించండి.
7. హాల్యార్డ్ బిగించండి, స్తంభం పక్కన నిలువు మడత కనిపించేదాకా.
8. ఇప్పుడు వెనక రీఫ్ తాడు, తెరచాప మూల బూమ్‌కు ఆనేదాకా.
9. బూమ్‌ను పట్టిన పై తాడు వదిలి, వ్యాంగ్ బిగించి, షీటు లాగండి.

వెనక మూల కిందికి రావడం లేదంటే తొంభై పాళ్లు వ్యాంగ్ వదలడం మర్చిపోయారు. ఏడో మెట్టుకు ముందే ఎనిమిదోది చేస్తే తెరచాప సంచిలా ఉబ్బి, పడవ ఇంకా వాలుతుంది. మధ్యలో వేలాడే గుడ్డను కట్టే చిన్న తాళ్లు వదులుగానే కట్టాలి. బిగించి కట్టాక వెనక తాడు జారితే బరువంతా వాటిమీద పడి గుడ్డ చిల్లుల దగ్గర చిరుగుతుంది.

రేవులో గాలిలేని రోజు ఇద్దరూ చెరో ఐదుసార్లు చేయండి. తర్వాత ఒక్కొక్కరే.

## 6. లంగరు

రాత్రి నిద్ర పడుతుందా లేదా అన్నది దీనిమీదే ఉంది, కాబట్టి తొందరపడకండి.

సామాను: 10, 11 కిలోల కొత్త తరహా లంగరు (రోక్నా, మాంటస్ లాంటివి), 30 అడుగుల గొలుసు, అరంగుళం మందం నైలాన్ మోకు 150 నుంచి 200 అడుగులు. మోకు మీద ప్రతి 25 అడుగులకు గుర్తు. చేతులతో లాగినప్పుడు చీకట్లో కూడా తెలిసేలా ఒక ముడి, రెండు ముళ్లు అని గుడ్డ పీలికలు కట్టండి. రంగు గుర్తులు బురదలో కనపడవు.

ఎంత వదలాలి: లోతు 8 అడుగులు, నీటిమట్టం నుంచి పడవ ముక్కు ఎత్తు 4, పోటుకి పెరిగేది ఒకటిన్నర. మొత్తం 13.5. దీన్ని ఏడుతో హెచ్చవేస్తే 95 అడుగులు. ముక్కు ఎత్తు కలపడం మర్చిపోయి 8ని ఏడుతో హెచ్చవేసి 56 అని వదిలేవాళ్లే అర్ధరాత్రి జారిపోతారు.

చోటు: మీ చుట్టూ ఒక వృత్తం ఊహించుకోండి, వదిలిన తాడుకు పడవ పొడవు కలిపినంత వ్యాసార్థం. ఆ వృత్తంలో ఇంకో పడవ గానీ, రేవు గుంజ గానీ, లోతు తక్కువ చోటు గానీ ఉండకూడదు. రాత్రి గాలి ఎటు తిరుగుతుందో సూచన చూసే ఎంచుకోండి.

సైగలు: ముందు ఒకరు, వెనక ఒకరు ఉండి అరుచుకుంటే ఇంజిన్ చప్పుడులో ఏమీ వినపడదు, పైగా చుట్టుపక్కల పడవలకు వినోదం. చెయ్యి ముందుకు చాపితే ముందుకు, భుజం మీదుగా వెనక్కి ఊపితే వెనక్కి, పిడికిలి ఎత్తితే న్యూట్రల్, పక్కకు చాపితే ఆ పక్కకు. ఈ నాలుగే చాలు.

వరస:

1. ఎంచుకున్న చోటు చుట్టూ ఒక రౌండు తిరిగి లోతు చూడండి.
2. గాలికి ఎదురుగా నెమ్మదిగా వచ్చి పడవ పూర్తిగా ఆగనివ్వండి.
3. లంగరు విసరకండి, దించండి. అడుగు తగిలినట్టు చేతికి తెలుస్తుంది.
4. గాలి పడవను వెనక్కి నెడుతుంటే దానికి తగ్గట్టు తాడు వదలండి. ఒక్కసారే వదిలితే గొలుసు లంగరు మీదే కుప్పపడి దానికే చుట్టుకుంటుంది.
5. సగం తాడు దగ్గర ఒకసారి మెల్లగా బిగబట్టండి. ముక్కు గాలివైపు తిరిగితే లంగరు పట్టడం మొదలైంది.
6. మొత్తం వదిలి కట్టేసి, పది నిమిషాలు ఏమీ చేయకండి. ఇక్కడి బురద మెత్తన. లంగరు తన బరువుతో దిగడానికి టైమివ్వాలి.
7. ఇప్పుడు రివర్స్, మెల్లగా మొదలుపెట్టి మధ్యస్థంగా పెంచి, ఒక నిమిషం పాటు.

ఏడో మెట్టులో ఇద్దరికీ చెరో పని ఉంది. వెనక ఉన్నవాళ్లు ఒడ్డు మీద ఒకదాని వెనక ఒకటి ఉన్న రెండు వస్తువులు చూడాలి, రేవు గుంజ, దాని వెనక చెట్టు అనుకోండి. అవి ఒకే గీతలో నిలబడితే పట్టినట్టు. ముందు ఉన్నవాళ్లు బిగిసిన తాడు మీద అరచెయ్యి ఆనించాలి. నిశ్చలంగా ఉంటే మంచిదే. గరగరా వణుకుతుంటే లంగరు కింద దున్నుకుంటూ వస్తోంది. పైకి తీసి మళ్లీ మొదటినుంచి. మూడోసారి కూడా పట్టకపోతే చోటు మార్చండి, మొండితనం పనికిరాదు.

పొద్దున పైకి తీసేటప్పుడు గొలుసు నిండా నల్ల బురద. బకెట్, గట్టి బ్రష్ ముందే పెట్టుకోండి. అది ఆరితే డెక్ వదలదు.

## 7. పీతల బుట్టలు, ఓడలు, బురద

పీతల బుట్టలు: అడుగున ఉన్న బుట్టకు గుర్తుగా తేలే గుండు నుంచి తాడు ప్రవాహానికి ఎగువగా, ఏటవాలుగా అడుగుకు పోతుంది. కాబట్టి గుండుకు దిగువ పక్కగా పోండి. ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే వెంటనే న్యూట్రల్, ఇంజిన్ ఆపి తాళం జేబులో. రివర్స్ వేసి విప్పుదామనుకుంటే ఇంకా బిగుస్తుంది. ముందు లంగరు వేసి, తర్వాత కొక్కెం కర్రతో ప్రయత్నించండి. అలలుంటే నీళ్లలో దిగకండి, పడవ అడుగు తలకు తగులుతుంది. లాక్కెళ్లేవాళ్లను పిలవండి.

ఓడలు: బాల్టిమోర్‌కు పోయే ఓడ 15 నాట్లలో వస్తుంటే నాలుగు నిమిషాలకో మైలు. కాలవను లంబకోణంలో, ఓడ వెనకగా దాటండి. తెరచాప పడవకు దారివ్వాలనే రూలు ఆ ఇరుకు కాలవలో మీకు అక్కరకు రాదు. ఐదు పొట్టి కూతలు వినిపిస్తే మీ ఉద్దేశం వాళ్లకు అర్థం కాలేదని. వెంటనే, స్పష్టంగా పక్కకు తిరగండి.

దిగబడితే: షీట్లు వదిలేయండి. వచ్చిన దారినే లోతువైపు ముక్కు తిప్పండి. ఇద్దరూ ఒకే పక్కకు పోయి పడవను వాల్చితే కీల్ (పడవ అడుగున ఉండే నిలువు పలక) కొన్ని అంగుళాలు లేస్తుంది. ఇంజిన్ గట్టిగా తొక్కితే బురదంతా నీళ్ల పైపులో ఎక్కి, ఉన్న కష్టానికి వేడెక్కిన ఇంజిన్ తోడవుతుంది. ఇక్కడ ఆటుపోట్ల తేడా ఒకటి రెండు అడుగులే, కాబట్టి పోటొచ్చి లేపుతుందని ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు.

## 8. ఒకరు నీళ్లలో పడితే

ఇద్దరున్న పడవలో ఒకరు పడితే మిగిలేది ఒక్కరు. చూస్తూ వేలు చూపించేవాళ్లు కూడా ఉండరు. అందుకే ఒంటరిగా డెక్ మీద ఉన్నప్పుడు, రాత్రి, రీఫ్ చేసేటప్పుడు కట్టు తాడు తప్పదు. నీళ్లలోంచే అందేలా నిచ్చెన ఉండాలి.

1. తేలేది ఏది దొరికితే అది విసరండి. జీపీఎస్‌లో ఎంఓబీ (మనిషి పడిన చోటును గుర్తుపెట్టే బటన్) నొక్కండి.
2. వెంటనే గాలిలోకి తిప్పి ట్యాక్ చేయండి, జిబ్ తాడు విప్పకుండా అలాగే ఉంచండి. పడవ నెమ్మదిస్తుంది.
3. లైఫ్‌స్లింగ్ (పొడుగు తాడుకు కట్టిన తేలే పట్టీ) వదిలి, మనిషి చుట్టూ తిరగండి. తాడు వాళ్ల చేతికి అందాలి.
4. అందగానే తెరచాపలు దించండి. ఇంజిన్ న్యూట్రల్‌లోనే.
5. దగ్గరికి లాగి పడవకు కట్టేయండి. ఇక మునగరు.
6. రేడియో 16వ ఛానల్‌లో మేడే (ప్రాణాపాయ పిలుపు) చెప్పండి.
7. హాల్యార్డ్‌కు నాలుగు మడతల కప్పీల తాడు తగిలించి పైకి లాగండి.

తడిసిన మనిషిని చేతులతో లాగడం ఎవరివల్లా కాదు. 80 కిలోల భర్తను 55 కిలోల భార్య కప్పీతో లేపగలదా? రేవులో, ఎండ రోజు, నిజంగా నీళ్లలో దిగి చూడండి.

## 9. వంట, నీళ్లు, కరెంటు

నీళ్లు: ఇద్దరికీ రోజుకు 15 లీటర్లు. 75 లీటర్ల ట్యాంకు ఐదు రోజులు. ఇంకో 20 లీటర్లు విడి క్యాన్లలో. ట్యాంకు కారినా తాగడానికి ఉంటాయి.

కరెంటు: లైట్లు, లంగరు దీపం, రేడియో, జీపీఎస్, ఆటోపైలట్, ఫోన్లు కలిపి రోజుకు 35 ఆంపియర్-అవర్ల దాకా. ఫ్రిజ్ పెడితే ఇంకో 35, 40. వంద వాట్ల సోలార్ పలక ఎండాకాలంలో ఇచ్చేది 25, 30. ఫ్రిజ్ మానేసి, ఐసు పెట్టెలో గడ్డ ఐసు వాడితే లెక్క దాదాపు సరిపోతుంది. ముక్కల ఐసు ఒక్కరోజులో నీళ్లవుతుంది.

వంట: రెండు లీటర్ల చిన్న కుక్కర్ ఈ పడవకు పుట్టిందే. కింద పప్పు, పైగిన్నెలో బియ్యం, ఒకే మంట. పక్క పడవ అల కొట్టి ఒరిగినా మూత బిగించి ఉంటుంది కాబట్టి వేడినీళ్లు ఒలకవు. బియ్యం, పప్పు అరగంట నానబెడితే గ్యాసు ఇంకా కలిసొస్తుంది.

పోపు మాత్రం కదిలే పడవలో వద్దు. కాగే నూనె, చిటపటలాడే ఆవాలు, ఊగే బర్నరు. ఇంట్లోనే వేయించి సీసాలో తెచ్చుకోండి, లేదా లంగరు వేశాకే. పులిహోర పులుసు ఇంట్లో దగ్గరగా ఉడికించి తెస్తే, పొద్దున వేడన్నంలో కలిపి డబ్బాలో పెట్టుకుంటే మధ్యాహ్నం ఎవరూ కిందికి దిగి వండక్కర్లేదు. పెరుగు మరచుట్టు మూత డబ్బాలో తోడుపెట్టండి.

ప్రొపేన్ గాలికంటే బరువు, కారితే పడవ అడుగున చేరుతుంది. పొయ్యి వెలుగుతుండగానే సిలిండర్ దగ్గర గ్యాసు ఆపేయండి, మంట దానంతటదే ఆరాక పొయ్యి నాబ్ మూసేయండి. పైపులో గ్యాసు మిగలదు. కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి.

టాయిలెట్: ఈ బేలో ఎక్కడా శుద్ధి చేయని మురుగు వదలకూడదు. ట్యాంకు వాల్వు మూసి తాళం వేయండి, మూడు నాలుగు రోజులకోసారి మెరీనాలో పంప్‌ అవుట్ చేయించండి.

## 10. పడుకునే ముందు

- లంగరు దీపం వెలుగుతోందా, బయటికొచ్చి తలెత్తి చూడండి
- ఫోన్‌లో లంగరు అలారం
- ఉరుముల సూచన ఉంటే, చోటుంటే, ఇంకో 30 అడుగుల తాడు ఇప్పుడే వదలండి
- డెక్ మీద గాలికి ఎగిరేవి లోపలికి
- గ్యాసు సిలిండర్ మూసేశారా
- ఇంజిన్ తాళం, టార్చి ఎక్కడున్నాయో ఇద్దరికీ తెలుసా
- చీకట్లో ఇక్కడినుంచి బయటపడాలంటే ఏ దిక్కు పట్టుకోవాలో ఒక చీటీ మీద రాసి చుక్కాని పక్కన అంటించండి